కలరా ఉండల పొట్లం మీద హెచ్చరిక ఏది?

సంపాదక మహాశయులకు,

పురిటికి వచ్చిన మా అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. చంటిబిడ్డకు కొత్తబట్ట వేయకూడదంటారు కదా, ట్రంకు పెట్టెలోంచి మెత్తటి పాత చీరలు తీసి, దులిపి, చింపి పొత్తిగుడ్డలు చేశాను. పెట్టె నిండా కలరా ఉండలు. ఆ ఘాటు వాసన మా ఇంట్లో శుభ్రానికి గుర్తు.

నాలుగో రోజుకి పిల్లాడు పసుపు ముద్దలా అయ్యాడు. పుట్టు కామెర్లేలే, ఎండ చూపిస్తే పోతాయన్నాను. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చేసరికి ఆస్పత్రికి పరుగెత్తాం. నీలం లైటు సరిపోక రక్తం మార్చారు. డాక్టరమ్మ మొదట అడిగింది, "ఇంట్లో కలరా ఉండలు వాడతారా?" అని.

జి6పిడి అనే ఎంజైమ్ లోపమట. ఆక్సిజన్ మోసే ఎర్రకణానికి తుప్పు పట్టే ప్రమాదమూ ఎక్కువే, ఆ తుప్పు ఆపేది ఈ ఎంజైమ్. అది తక్కువున్న బిడ్డకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఊపిరితోనో చర్మంలోంచో వెళ్తే కణాలు చితికిపోతాయి. మగపిల్లలకు తల్లి నుంచే వస్తుందట. అల్లుడి ముందు ఆ మాట వినడం నాకేం బాగాలేదు. ఎక్కించిన రక్తం ఇంకొకరిది కాబట్టి అప్పుడు పరీక్ష చేసినా తేలదని, మూడు నెలలు ఆగి చేయించాం. లోపం ఉందని ఖాయమైంది.

ఇదేం కొత్త సంగతి కాదు. మలేరియాకు ప్రిమాక్విన్ వేసుకున్న కొందరిలో కణాలెందుకు పగిలిపోతున్నాయో వెతుకుతూ 1956లోనే ఈ లోపాన్ని కనిపెట్టారు. అయినా మా వీధి కిరాణా కొట్లో కలరా ఉండలు ఇప్పటికీ కాగితంలో పొట్లం కట్టి ఇస్తున్నారు. దాని మీద అక్షరం ముక్క లేదు. విడిగా అమ్మడం ఆపాలి. ప్యాకెట్ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో "పసిబిడ్డల బట్టల్లో వేయరాదు" అని రాయించాలి. కాన్పుకు ముందు ఇంటికొచ్చే ఆశా కార్యకర్త ఐరన్ మాత్రల సంగతి అడిగినట్టే ట్రంకు పెట్టె సంగతీ అడగాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వాసుపత్రిలో మడమ నుంచి చుక్క రక్తం తీసి ఈ పరీక్ష చేసే ఏర్పాటు ఉండాలి.

మొన్న ఆషాఢంలో మనవడి అరికాలికి చుక్కంత గోరింటాకు పెట్టబోయాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో అదీ ఉందట.

— ఒక అమ్మమ్మ, తెనాలి