కాల్క్యులస్ ప్లేగు పుణ్యం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

కష్టకాలంలోనే గణితం పరుగులు పెట్టిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది, కాదనను. కానీ మీరూ ఆ న్యూటన్ కథతోనే మొదలుపెట్టారు. 1665లో ప్లేగు వచ్చింది, కేంబ్రిడ్జ్ మూతపడింది, కుర్రాడు ఊరికెళ్లి కాల్క్యులస్, అంటే క్షణక్షణం మారే వాటిని లెక్కగట్టే గణితం, కనిపెట్టేశాడు. కరోనా రోజుల్లో ఈ కథ వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంటే, ఇంట్లో కూర్చుని మనమేం సాధించాం అని టెన్షన్ పడ్డవాళ్లూ ఉన్నారు. లెక్కల టీచర్‌ని కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఆ కథలో ఎప్పుడూ ఒక ముక్క వదిలేస్తారు. కాలేజీ మూసింది ఆగస్టులో. అంతకుముందు చలికాలంలోనే న్యూటన్ గణితజ్ఞుడు వాలిస్ పుస్తకం ముందేసుకుని, కాల్క్యులస్‌కు దారితీసిన బైనామియల్ సిరీస్ (అంతులేని కూడికల) పని మొదలుపెట్టేశాడు, మరో గణితజ్ఞుడు డెకార్ట్ జ్యామితిని అప్పటికే నమిలి మింగేశాడు. ప్లేగు అతనికిచ్చింది తీరిక. అదైనా సొంత ఇల్లూ పొలమూ ఉన్నాయి కాబట్టి దొరికింది.

నిజంగా ప్లేగు పుణ్యమా అని పుట్టిన లెక్క వేరే ఉంది. ఆ జబ్బు భయంతో లండన్‌లో వారం వారం చావుల పట్టీలు అచ్చేసేవారు. జాన్ గ్రాంట్ అనే దుకాణదారు ఆ పాత కాగితాలన్నీ పోగేసి, పుట్టిన ప్రతి వందమందిలో 36 మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని 1662లో అంచనా కట్టాడు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు నడిచింది ఇలాంటి పట్టికల మీదే. 1760లో డేనియల్ బెర్నూలీ అనే గణితజ్ఞుడు మశూచిని పట్టుకున్నాడు. పుండులోని రసి తీసి ఎక్కించే ఆనాటి పద్ధతి వల్లా కొందరు చనిపోయేవారు, మరి అందరికీ ఎక్కిస్తే లాభమా నష్టమా? ఆయన లెక్కలో సగటు ఆయుర్దాయం మూడేళ్లకు పైగా పెరుగుతుందని తేలింది. కరోనాలో మనం టీవీలో చూసిన గ్రాఫులకు మూలమైన సమీకరణాలను 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు రాశారు, వాటిని సరిచూసుకోవడానికి వాడింది బొంబాయి ప్లేగు మరణాల లెక్కలే.

కాబట్టి సంక్షోభం ప్రశ్న తెచ్చిపెడుతుంది, ఒప్పుకుంటాను. కానీ జవాబుకు కావలసిన సరుకు మాత్రం చాలాసార్లు అంతకుముందే ఎవరో ఏ తొందరా లేకుండా పోగేసి పెట్టిందే. గణితజ్ఞుడు ట్యూరింగ్ కంప్యూటర్‌కు పునాది అయిన తన ఊహాయంత్రం గురించి రాసింది 1936లో, రెండో ప్రపంచ యుద్ధానికి మూడేళ్ల ముందు. అదీ ఏ సైన్యమో అడిగితే కాదు, గణితం పునాదుల మీద గణితజ్ఞులకే వచ్చిన అనుమానాలు తీర్చుకోవడానికి. యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా రహస్య కోడ్‌ను ఛేదించే పని తర్వాత సంగతి.

గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ విషయం చూడండి. యూదుడని ఆస్ట్రియాలో యూనివర్సిటీ ఉద్యోగం దక్కలేదు, 1938లో అమెరికా చేరాడు, వెనక ఉండిపోయిన కుటుంబంలో చాలామందిని నాజీలు చంపేశారు. యుద్ధంలో ఆయన ముందుకొచ్చిన ప్రశ్న ఇది: దాడికెళ్లి తిరిగొచ్చిన బాంబర్ విమానాల మీద తూటాల రంధ్రాలున్నాయి, ఉక్కు రేకు ఎక్కడ వేయాలి? రంధ్రాలు ఎక్కువగా ఉన్నచోట అని ఎవరైనా అంటారు. వాల్డ్ లెక్క అటు పోలేదు. ఆ రంధ్రాలతో విమానం ఎగిరి రాగలిగింది కదా, మరి ఇంజిన్‌కు దెబ్బ తగిలినవి ఏవి? అవి రాలేదు, కూలిపోయాయి. కళ్లముందు లేని విమానాలను లెక్కలోకి తెచ్చుకున్నాడు. మా పిల్లలకు ఇది చెబితే క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోతుంది, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడతారు!

మీ వ్యాసం చదివాక నాకు గుర్తొచ్చింది ఇదే. మనమూ తిరిగొచ్చిన విమానాలనే చూస్తున్నాం. ఫ్రెంచ్ గణితజ్ఞుడు జ్యాఁ లెరే జర్మన్ల ఖైదీల శిబిరంలో దాదాపు ఐదేళ్లుండి కొత్త టోపాలజీతో (సాగదీసినా వంచినా మారని ఆకార గుణాల గణితంతో) బయటికొచ్చాడని రాశారు. నిజమే. తనకు ద్రవాల గణితం తెలుసని బయటపడితే యుద్ధపు పనికి వాడుకుంటారని అది దాచి, టోపాలజీ పట్టుకున్నాడు. ఆయన బతికి వచ్చాడు. నాజీల కాలంలో ప్రాణాలు పోగొట్టుకున్న యూదు గణితజ్ఞులు షౌడర్ రాలేదు, హౌస్‌డార్ఫ్ రాలేదు.

వోల్ఫ్‌గాంగ్ డోబ్లిన్ అనే కుర్ర గణితజ్ఞుడూ రాలేదు. బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ వచ్చాక ఇంటిల్లిపాదితో ఫ్రాన్స్ చేరి, అక్కడ సైనికుడయ్యాడు. 1939-40 చలికాలంలో టెలిఫోన్ డ్యూటీ చేస్తూ రాత్రిళ్లు స్కూలు పిల్లల నోటుబుక్కులో యాదృచ్ఛిక చలనం (ఎటు పోతుందో ముందే చెప్పలేని కదలిక) మీద రాసుకున్నాడు, ఫిబ్రవరిలో దాన్ని సీల్ వేసిన కవర్లో పారిస్ అకాడమీకి పంపాడు. జూన్‌లో జర్మన్లు చుట్టుముడుతుంటే దగ్గరున్న కాగితాలు కాల్చేసి, తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. వయసు 25. కవరు తెరిచింది 2000 మేలో. ఈలోగా జపాన్‌లో ఇటో అనే గణితజ్ఞుడు అదే దారిలో సొంతంగా నడిచాడు, ఇవాళ షేర్ మార్కెట్ ఆప్షన్ల ధరలు కట్టే సూత్రం ఆయన గణితం మీద నిలబడింది. నోటుబుక్కు మాత్రం అరవై ఏళ్లు బీరువాలో ఉండిపోయింది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు న్యూటన్ ఆపిల్ చెట్టు బొమ్మ కొంచెం చిన్నది చేసి, ఆ నోటుబుక్కుకు నాలుగు లైన్లు కేటాయించండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్