పసుపు చీమలు ఏ శాఖ కిందికి వస్తాయి, మంత్రిగారూ?

గౌరవనీయ మంత్రిగారికి,

చెన్నై మాధవరం వైపు పాడి మీద బతికే తెలుగు కుటుంబాల తరఫున నమస్కరించి రాస్తున్నాను.

మా పాకల్లో చేరిన పసుపు పిచ్చి చీమల (ఇంగ్లీషులో ఎల్లో క్రేజీ యాంట్స్) గురించి మేమిచ్చిన అర్జీలు తమ బల్ల దాకా వచ్చాయో, దారిలోనే ఆగిపోయాయో తెలియదు. పశువైద్యులేమో కళ్లకు చుక్కలు వేస్తాం, చీమల సంగతి మాకు పట్టదన్నారు. పారిశుధ్యం వాళ్లు దోమలైతే పొగ పెడతామన్నారు. వ్యవసాయం వాళ్లు పొలం పట్టా ఉందా అని అడిగారు. అటవీ సిబ్బంది నవ్వి, ఇక్కడ అడవి ఎక్కడుందమ్మా అన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఆ లోటు లేదు.

ఈమధ్య మా గేదె ఈనింది. తెల్లవారి చూసేసరికి ఒళ్లు తడి ఆరని దూడ తల విదిలించుకుంటోంది. రెప్పల చుట్టూ, ముక్కు రంధ్రాల్లో సన్నటి పొడుగు కాళ్ల చీమలు. ఇవి కుట్టవు, పొట్ట చివరినుంచి ఫార్మిక్ ఆమ్లం అనే మంట పుట్టించే ద్రవం చిమ్ముతాయి. తడిగుడ్డతో తుడిచేకొద్దీ దిక్కు తెలియనట్టు అడ్డదిడ్డంగా పరుగెత్తి మళ్లీ అక్కడికే చేరాయి. మధ్యాహ్నానికి ఎడమ కంటిమీద మీగడ లాంటి పొర కట్టింది. ఆ కన్ను ఇక రాలేదు. పొదుగుతున్న కోడి గుడ్లు వదిలేసి లేచిపోయింది. మేము మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్నాం. కుట్టని చీమలు కదా, తమ కార్యాలయాలకు చీమ కుట్టినట్టయినా లేకపోవడంలో వింతేముంది!

2022లో దిండిగల్ జిల్లాలో కరంతమలై చుట్టుపక్కల పల్లెల్లో పశువుల కళ్లు పోయాయని పత్రికలన్నీ రాశాయి. తమకు తెలియనిది కాదు. చెన్నైలో కూడా అంత దాకా వస్తేగానీ కదలరా?

మా పోరు పడలేక ఒకాయన వచ్చి పాక చుట్టూ తెల్లపొడి చల్లి, ఫోటో తీసుకుని వెళ్లారు. పొడి పడ్డచోట చచ్చాయి. వారం తిరక్కుండా పక్కింటి కొబ్బరి మట్టల కిందినుంచి మళ్లీ దిగాయి. ఎందుకు దిగవు? ఒక్కో పుట్టలో రాణులు బోలెడు. పుట్టలన్నీ కలిసి ఒకే కాపురం. పైన తిరిగే కూలి చీమలు చస్తే లోపల గుడ్లు పెట్టే రాణికి ఏమవుతుంది? నిదానంగా పనిచేసే విషపు ఎర పెడితే ఆ కూలి చీమలే మోసుకెళ్లి రాణులకు తినిపిస్తాయి. అదీ ఒక్క పాకలో కాదు, వీధంతా ఒకేసారి పెట్టాలి. కోళ్లకు, చెరువు నీటికి హాని లేకుండా ఎంత పెట్టాలో మాకు తెలియదు కాబట్టే మీ గుమ్మం తొక్కాం. మందార, మామిడి కొమ్మల మీది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు వదిలే తీపి జిగురు తాగి ఇవి బలుస్తాయని కూడా మేమే కనుక్కోవలసి వచ్చింది. జీతాలు తీసుకునే నిపుణులు ఒక్కరూ చెప్పలేదు.

పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవిలో 2010లో బయటపడిన ఇవే చీమలను ఏళ్ల తరబడి వెంటబడి, 2021లో పూర్తిగా నిర్మూలించామని ప్రకటించారు. అది జనం లేని చిన్న దీవి, ఇది మహానగరం అంటారేమో. నిజమే. నగరమంతా అడగడం లేదు, మా వీధులు చూడండి చాలు. ఎవరినో ఒకరిని పంపండి. ఏ శాఖ వారైనా సరే, పంపండి.

మా రెండో గేదె నెల తిరక్కుండా ఈనబోతోంది. ఆలోగా రండి. వచ్చేవారు తెల్లపొడి డబ్బా మాత్రం తేవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక పాడి రైతు,
మాధవరం, చెన్నై