రాత్రి ఎగరబోయే పాత సెస్నా గురించి

నల్గొండ

యాదగిరీ,

బాగున్నావా? పాలమూరులో వానలు ఎట్లున్నాయి? మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి జవాబు చెప్పేలోపే నీ షాపుకి ఎవరో ట్రాక్టర్ సెల్ఫ్ మోటర్ పట్టుకొచ్చారు, మాట సగంలో ఆగిపోయింది. "పాత విమానానికి రెండు మంచి ఎల్‌ఈడీ లైట్లు కడితే రాత్రి ఎగరదా?" అన్నావు. ఎగురుతుంది. కానీ ఈ పనిలో బయటి లైట్లు అన్నిటికంటే తేలికైన సంగతి. అసలు పనంతా వాటి వెనకాల ఉంది. ఆదివారం దొరికింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

రాత్రి ఎగరడానికి సిద్ధం చేయమని ఇప్పుడు నా చేతికిచ్చింది సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం. 1977 నుంచి 1985 దాకా తయారైన రకం. రెండే సీట్లు, 110 హార్స్ పవర్ ఇంజిన్. ఇన్నేళ్లూ పగటి శిక్షణకే తిరిగింది. కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే మాత్రం రాత్రిపూట కనీసం 5 గంటలు ఎగరాలి. అందులో 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు తానే కెప్టెన్‌గా, ప్రయాణికులు లేకుండా చేయాలి. పొద్దుగూకాక కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి మన దేశంలో మామూలుగా అనుమతి ఉండదు. విమానాల్ని అదుపు చేసే కంట్రోల్ టవర్ ఒప్పుకుంటే ఎయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కల శిక్షణ కోసం తిరగొచ్చు, అంతే. చూడు, ఇరవై ఏళ్ల పిల్లలు, చీకట్లో ఒక్కరే ఉంటారు. నా టెన్షనంతా అదే.

బయటి లైట్ల సంగతి నీకు రెండు ముక్కల్లో అర్థమైపోతుంది. ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ, తోకకి తెలుపు, పైన మెరిసే బీకన్. ఏ రంగు కనిపిస్తుందో చూసి ఎదుటి విమానం వస్తోందో పోతోందో చెప్పొచ్చు. మా దానికి ల్యాండింగ్ లైటు ముక్కు దగ్గరుంటుంది. పాత 100 వాట్ల సీల్డ్ బీమ్ (అద్దం, బల్బు కలిపి మూసేసిన) బల్బుకి కంపెనీ రాసిచ్చే ఆయుష్షు 25 గంటలే, పైగా ఇంజిన్ వణుకంతా దానికే తగులుతుంది. అందుకే అక్కడ ఎల్‌ఈడీ మంచిదే. అయితే బజార్లో దొరికింది తెచ్చి బిగించడానికి లేదు. ఆ మోడల్‌కి ఆమోదం ఉన్న భాగమై ఉండాలి, కాగితాలుండాలి, కింద ఇంజనీరు సంతకం ఉండాలి.

కరెంటు లెక్క నీకు నచ్చుతుంది. 28 వోల్టుల వ్యవస్థ, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్. ఎప్పుడూ నడిచే లోడు అందులో 80 శాతం దాటకూడదని పెట్టుకుంటాం, అంటే 48 ఆంపియర్లు. రేడియో, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పెట్టె), బీకన్, రెక్కల లైట్లు, ప్యానెల్ లైట్లు, ల్యాండింగ్ లైటు, పీటో హీటర్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడిగా ఉంచేది) అన్నీ కూడి చూడాలి. ఇంతకంటే పాత విమానాల్లో డైనమో ఉండేది. దిగడానికి ఇంజిన్ నెమ్మది చేయగానే కరెంటు పడిపోయేది. లైటు కావాల్సిన నిమిషంలోనే లైటు మసకబారేది! ఆల్టర్నేటర్‌తో ఆ బాధ చాలావరకు తప్పింది.

పోయిన వారం కుడి రెక్క చివరి కప్పు విప్పాను. ఆకుపచ్చ లైటు వెలుగుతోంది గానీ గుడ్డిగా ఉంది, రెక్క తడితే మిణుకుమంటోంది. బల్బు కొత్తదే. నీ ట్రాక్టర్‌కి ఛాసిసే ఎర్త్ అయినట్టు దీనికి రెక్క రేకే ఎర్త్. ఎర్త్ వైరు చివరుండే లగ్ కింద అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. స్క్రూ విప్పి మెత్తగా గీకితే రేకు తళతళ బయటపడింది. కొత్త లగ్ వేసి బిగించి, తడి తగలకుండా పైపూత పూశాక అదే బల్బు నిండుగా వెలిగింది. ఇట్లాంటి ఎర్తులు ఇందులో ఎన్ని ఉంటాయో ఆలోచించు. మన ఎండలకి బిరుసెక్కి, వంచితే పగిలే వైర్లు వేరే. నన్నడిగితే మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి.

తర్వాత లోపలి వెలుగు. హ్యాంగర్ తలుపులు మూసేసి, చీకట్లో అరగంట సీట్లో కూర్చున్నా. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే దాదాపు అంత సేపు పడుతుంది. అప్పుడు గానీ లోపాలు బయటపడవు. పైనుంచి పడే ఎర్ర లైటు పెట్రోల్ గేజిల దాకా చేరడం లేదు. రేడియో అంకెలు ఎంత తగ్గించినా గాజులో ప్రతిబింబంగా నిలబడుతున్నాయి, సరిగ్గా రన్‌వే కనిపించాల్సిన చోట. డిమ్మర్ నాబ్ సగం దాకా ఏమీ చేయదు, ఆ తర్వాత ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఎర్ర వెలుతురు కంటికి మంచిదే గానీ, అందులో మ్యాపు మీద ఎర్ర గీతలు కనపడకుండా పోతాయి. అందుకే ప్రతి పైలట్ దగ్గరా టార్చి ఉండి తీరాలి. నేనైతే రెండు ఉండాలంటా.

ఇక వాక్యూమ్ పంప్. విమానం వంగిందా, నిటారుగా ఉందా చూపించే గైరో దీని గాలి పీల్పు మీద తిరుగుతుంది. లోపల కార్బన్ పలకలుంటాయి, చెప్పాపెట్టకుండా విరుగుతాయి. పగలైతే బయట దిగంతం ఉంటుంది, ఏం కాదు. రాత్రి గైరో మెల్లగా ఒరిగిపోతుంటే పిల్లవాడు దాన్నే నమ్మి విమానాన్నీ ఒరిగిస్తాడు. అమావాస్య రాత్రి సాగర్ నీళ్లు, అవతల నల్లమల ఊహించుకో. కింద ఒక్క దీపం ఉండదు. అట్లాంటి చీకటి మీదుగా రన్‌వే లైట్లనే చూస్తూ దిగేవాడికి తాను ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, తెలియకుండానే కిందికి దించేస్తాడు. ఎంత పెద్ద ల్యాండింగ్ లైటైనా ఆ భ్రమని ఆపలేదు. ఎత్తు చూపించే ఆల్టీమీటర్ కనపడాలి, గైరో నిజం చెప్పాలి.

ఎల్‌ఈడీ బిగించాక ఇంకో పరీక్ష ఉంది. ఒక్కో స్విచ్ వేస్తూ రేడియో వినాలి. కొన్ని ఎల్‌ఈడీల సర్క్యూట్లు రేడియోలో గురగుర పెడతాయి. కంపాస్ ముల్లు కదులుతుందేమో కూడా చూడాలి.

ఇదంతా విన్న మా యజమానికి ముందు తళుక్కుమనే స్ట్రోబ్ లైట్లు కొనాలని ఉంది. బయటికి కనపడేది అదే కదా. నేను మాత్రం పంప్, వైరింగ్, ప్యానెల్ లైట్లు పైన రాసి, స్ట్రోబ్‌ని అట్టడుగున పెట్టి ఎస్టిమేట్ ఇచ్చాను. పంప్ మార్చకుండా రాత్రికి సంతకం పెట్టనని ముఖం మీదే చెప్పాను. సోమవారం మళ్లీ కూర్చుంటున్నాం. ఏం తేలిందో ఫోన్ చేస్తా.

దసరాకి ఇటు రా. ఆ వైరింగ్ నీకు చూపించాలని ఉంది, నీ కంటికి నాకు కనపడనివి కూడా కనపడతాయి. నాన్నకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
నర్సింహ