పావు అణా కార్డు

పశ్చిమ మాంబళం, చెన్నై
నవంబరు 9

చిరంజీవి వాసుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీ క్షేమం వెంటనే తెలియజేయాలి. ప్రతి ఉత్తరంలో రాసే మాటే అయినా, ఈసారి దాన్ని రెండుసార్లు చదువుకో.

నాలుగు రోజులుగా ఇక్కడ ముసురు. దురైసామి సబ్‌వేలో నీళ్లు నిలిచాయని బస్సులను చుట్టు తిప్పి పంపుతున్నారు. మీ నాన్నగారు పొద్దున్నే ఫోనులో ముందు బెర్లిన్ వాతావరణం చూసి, ఆ తరువాతే మన వరండా తలుపు తీసి ఇక్కడి వాన చూస్తారు. ఇవాళ అక్కడ మూడు డిగ్రీలట. చెవులు మూసుకునే టోపీ పెట్టుకుంటున్నావా? పోయినసారి వీడియోలో నీ గొంతు బొంగురుగా ఉంది. పోయినసారి అంటే వినాయక చవితి. తరువాత దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. నీ దగ్గర నుంచి వచ్చింది ఒక్క బొటనవేలి బొమ్మ.

ఆ సంగతి తరువాత. కింది వాటాలో ఉండే హారిక తొమ్మిదో తరగతికి వచ్చింది. సాయంత్రాలు నా దగ్గర చరిత్ర పాఠాలు చెప్పించుకుంటోంది. పాత నోట్సు అన్నీ అటక మీద నుంచి దింపాను. నిన్న పాఠం మధ్యలో తేదీ చూసి నువ్వు గుర్తొచ్చావు. నువ్వున్న దేశంలో నవంబరు 9కి ఉన్నంత బరువు మరే తేదీకీ ఉండదేమో. 1918లో జర్మన్ చక్రవర్తి కైజరు గద్దె దిగినట్టు ప్రకటించింది ఈ రోజే. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు విఫలమైంది ఈ రోజే. 1938లో యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టిన రాత్రీ ఇదే. 1989లో తూర్పు, పడమర బెర్లిన్‌లను విడదీసిన గోడ తెరుచుకున్నదీ ఇదే. అప్పుడు నువ్వు నా కడుపులో ఆరో నెల. కాళ్లు వాచి ఉంటే పీట మీద పెట్టుకుని, గోడ ఎక్కి నిలబడిన ఆ కుర్రవాళ్లను దూరదర్శన్‌లో చూశాను. నువ్వు ఒకనాడు ఆ ఊళ్లోనే ఉంటావని ఎవరు అనుకున్నారు?

గోడ ఎలా తెరుచుకుందో నీకు తెలుసు కదా? తూర్పు జర్మనీ ప్రభుత్వం తరఫున షబోవ్‌స్కీ అనే పెద్దమనిషి విలేకరుల ముందు కూర్చున్నాడు. ప్రయాణాలకు కొత్త నిబంధనల కాగితం చేతిలో ఉంది. అవి మరునాటి నుంచి అమలు కావాలన్న సంగతి ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎప్పటి నుంచి అని ఒకరు అడిగితే కాగితాలు అటూ ఇటూ తిరగేసి, నాకు తెలిసినంతలో తక్షణమే అన్నాడు. అంతే, జనం గోడ దాటే దారుల దగ్గరికి చేరారు. బోర్న్‌హోల్మర్ వీధి కాపలా అధికారి హరాల్డ్ యేగర్ పైవాళ్లకు ఫోను మీద ఫోను చేశాడు. తిన్నగా జవాబు చెప్పినవాడు లేడు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో తన పూచీ మీద గేటు ఎత్తించాడు. అది మంచికే జరిగింది. కానీ ఆ రాత్రి ఒక్క తుపాకీ పేలి ఉంటే? చెప్పవలసినవాళ్లు చెప్పవలసినవాళ్లకు చెప్పకపోతే ఎంత దాకా వస్తుందో హారికకు చెబుతూ, నా మాట నాకే తగిలి ఆగిపోయాను.

లీల కొడుకు పెళ్లికి టి. నగర్ వెళ్లాం. పంక్తిలో నా పక్కన శ్యామల పిన్ని కూర్చుంది. ఆకులో గారె వేస్తుండగా, "వాసు ఉద్యోగం పోయిందటగా అక్కా, ఇల్లు కూడా ఖాళీ చేశాడటగా" అంది. వాళ్ల అల్లుడి స్నేహితుడు ఎవరో బెర్లిన్‌లో చెప్పాడట. నేను నవ్వి, అదేమీ లేదన్నాను. ఆ గారె ఆకులోనే ఉండిపోయింది. మీ నాన్నగారు మగవాళ్ల పంక్తిలో ఉన్నారు, వినలేదనుకున్నాను. ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు కోడంబాకం వంతెన దాకా మాట్లాడకుండా ఉండి, "పిల్లవాడికి డబ్బేమైనా పంపాలా?" అన్నారు.

అది ఎంతవరకు నిజమో నేను అడగను. మీ నాన్నగారి నాయనమ్మ సంగతి మాత్రం చెబుతాను. చిన్నప్పుడు చెబితే సగం విని ఆటకు పరుగెత్తావు.

1914 సెప్టెంబరు 22, నవరాత్రుల్లో మూడో రాత్రి. తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ చెన్నపట్నం ఎదుటికి వచ్చింది. కెప్టెన్ పేరు కార్ల్ ఫాన్ ముల్లర్. దానికి మూడు పొగగొట్టాలే ఉంటే, ఇంగ్లీషువాళ్ల నౌకలా కనబడాలని నాలుగోది ఉత్తుత్తిది కట్టుకుని తిరిగేది. సెర్చిలైట్లు వేసి, హార్బరు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద సుమారు 125 గుండ్లు పేల్చి, అరగంట తిరగకుండానే చీకట్లో కలిసిపోయింది. చమురు మంటలకు ఆకాశం ఎర్రబడింది. చనిపోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. హైకోర్టు ప్రహరీ గోడకు ఉన్న రాతి ఫలకం నీకు చూపించాను. నువ్వు అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివావు. నీ అల్లరి చూసి పక్కింటి తమిళ బామ్మ "సరైన ఎమ్డన్" అని బుగ్గ గిల్లేది, గడుసువాడనే ఆ మాట అక్కడ నుంచి వచ్చిందే.

వెంకటప్పయ్య తాతగారు అప్పుడు తంబుచెట్టి వీధిలో ఒక వర్తకుడి దగ్గర గుమాస్తా. సీతమ్మ నాయనమ్మ పురిటికి కావలి వెళ్లి ఉంది. గుండ్లు పడిన మర్నాటి నుంచి పట్నం ఖాళీ కావడం మొదలైంది. ఎమ్డెన్ మళ్లీ వస్తుందన్న పుకారుకు జనం దొరికిన రైలు ఎక్కారు. కావలిలో దిగినవాళ్లు తలా ఒక కథ మోసుకొచ్చారు. హార్బరు మొత్తం బూడిద అన్నారొకరు. తంబుచెట్టి వీధిలో ఇళ్లు కూలాయన్నారు మరొకరు. ఒకాయన మరీ ముందుకు వెళ్లి, గుమాస్తా శవాన్ని బండిలో వేయడం కళ్లారా చూశానన్నాడు. ఆ కాలంలో నోటి మాట నమ్మక మరేం చేస్తారు? ఇంట్లో పెద్దవాళ్లు వంటింటి వెనక గుసగుసలాడుకునేవారట, పదో రోజు ఎప్పుడవుతుందని. ఆవిడ మాత్రం పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని రోజూ అద్దం ముందు కూర్చుని కుంకుమ దిద్దుకునేది. ఎవరైనా ఏమైనా అనబోతే, "ఆయన చేతిరాత చూసేదాకా నేను ఎవరి మాటా వినను" అనేదట.

పద్దెనిమిది రోజులు గడిచాయి. ఆవిడ అన్నగారు ఉండబట్టలేక చెన్నపట్నం వెళ్లారు. గోవిందప్ప నాయకర్ వీధి పూటకూళ్ల ఇంట్లో తాతగారు అరిటాకు ముందు కూర్చుని మజ్జిగన్నం తింటున్నారు. యజమాని కుటుంబంతో ఊరు వదిలి వెళుతూ గోదాము తాళాలు ఈయన చేతిలో పెట్టాడట. "నాకేమీ కాలేదు కదా, ఏమని రాయాలి?" అన్నారట తాతగారు. బావగారు ఎంగిలి చెయ్యి కూడా కడగనివ్వకుండా తిట్టి, పావు అణా కార్డు తెప్పించి అక్కడికక్కడే రాయించారు. "నేను క్షేమం. గోదాము తాళాలు నా వద్దే ఉన్నవి. బెంగ పడవద్దు." మూడే ముక్కలు. ఆ కార్డు ఇప్పటికీ మన ఇనప్పెట్టెలో ఉంది. ఒక మూల పసుపు మరక, ఆవిడ వేలిది.

నేను కాపురానికి వచ్చిన ఏడాది ఆవిడే ఆ కార్డు తీసి చూపించింది. అప్పటికి తొంభై దాటాయి, గొంతు మాత్రం గట్టిది. "పోయాడని అన్న రోజున కన్నీళ్లు రాలేదే అమ్మాయ్. బతికే ఉన్నాడని, ఉండి కూడా రాయలేదని తెలిసిన రోజున తెల్లవార్లూ ఏడ్చాను" అంది.

ఎమ్డెన్ చివరికి ఏమైందో కూడా చెప్పాలి, అది నేను పాఠంలో ఎప్పుడూ వదలలేదు. పినాంగులో రష్యా, ఫ్రాన్సు నౌకలను ముంచి, కోకోస్ దీవుల్లో సముద్రపు అడుగున వెళ్లే తంతి తీగలను తెంపడానికి వెళ్లింది. తీగలు తెగేలోపే ఆ చిన్న తంతి కేంద్రంలోని వాళ్లు, వింత నౌక వచ్చిందని సందేశం పంపేశారు. దగ్గరలోనే వెళుతున్న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ అది అందుకుని వచ్చి ఎమ్డెన్‌ను చిత్తుగా కొట్టింది. అదీ నవంబరు 9వ తేదీయే, 1914లో.

పుకారుకు పెద్దవాళ్లు కూడా లొంగుతారు వాసూ. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాక, ఇక్కడికీ దండు వస్తోందని ప్రభుత్వమే జనాన్ని ఊరు విడిచి వెళ్లమంది. సెంట్రల్ స్టేషను పక్కన జంతుప్రదర్శనశాలలోని సింహాలనూ పులులనూ, తప్పించుకుంటాయేమోనన్న భయంతో కాల్చి చంపారు. దండు రానేలేదు.

మౌనం అంతకంటే చెడ్డది. 1962 అక్టోబరు 27న, క్యూబా దగ్గర సముద్రం లోపల బి-59 అనే సోవియట్ జలాంతర్గామికి మాస్కో నుంచి కబురు లేదు. లోపల వేడి, పైన అమెరికా నౌకలు విసురుతున్న హెచ్చరిక బాంబుల మోత. పైన యుద్ధం మొదలైందో లేదో ఎవరికీ తెలియదు. కెప్టెన్ అణు టార్పెడోను సిద్ధం చేయమన్నాడని అందులో ఉన్నవాళ్లే తరువాత చెప్పారు. వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోకుండా, పైకి తేలి కబురు కనుక్కుందామన్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా తీగ వేసుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు. అందరూ దాన్ని ఎర్ర టెలిఫోను అంటారు, నిజానికి అప్పుడు పెట్టుకున్నది టెలిప్రింటరు. మాట వినిపించేది కాదు, రాసింది అవతలికి వెళ్లేది. అంత శత్రుత్వం ఉన్నవాళ్లే ఒకరి రాత ఒకరికి చేరాలనుకున్నారు.

ముప్పై ఏళ్లు దాటినవాడికి ఇంత చెప్పకూడదనే కూర్చున్నాను. చేయి ఆగలేదు. ఉద్యోగం పోతే పోయిందని రాయి. నువ్వే మానేస్తే ఎందుకో రాయి. వీసాకు చిక్కు వస్తే ఎన్నాళ్లు గడువుందో రాయి. నీ పేరున పోస్టాఫీసులో వేసిన డబ్బు అలాగే ఉంది. మేడ మీద నీ గదిలో నాన్నగారు నిన్న ఎందుకో కొత్త బల్బు పెట్టించారు, నేను అడగలేదు. పస్తులు మాత్రం ఉండకు. రాత్రి పూట రొట్టె ముక్కతో సరిపెట్టుకునే అలవాటు నీకు ఉంది.

కంది పొడి, నల్లకారం, గోంగూర పచ్చడి కట్టి ఉంచాను. చిరునామా పాతదే అయితే పాతదని, కొత్తదైతే కొత్తది రాస్తే పంపిస్తాను. అది తెలియకనే పది రోజులుగా డబ్బా బల్ల మీద ఉంది. గోంగూర మీద నూనె తేలేలా పోశాను, పాడవదు. ఈ ఉత్తరం లీల కూతురు మీ ఊరు తిరిగి వెళుతూ తెస్తోంది, తనను కలవడానికి మొహమాట పడకు.

ఆదివారం మీకు సాయంత్రం నాలుగున్నరకు మాకు రాత్రి తొమ్మిది. ఆ వేళకు మీ నాన్నగారు పడుకుంటారని నీకు తెలుసు. ఈ ఆదివారం మాత్రం క్రికెట్ చూస్తూ మెలకువగా ఉంటానంటున్నారు. ఆ రోజు ఆట లేదు, నేను పేపరులో చూశాను.

ఇట్లు
అమ్మ