ఆ ఫైలు మీద పేరు

చిరంజీవి భవానిని అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. చిట్టి పంపిన తైలంతో మీ నాన్న మోకాలు కాస్త నెమ్మదించింది. తిత్లీ తుపానుకు పడిపోయిన చోట పెట్టిన కొబ్బరి మొక్కలు ఈ ఏడు కాపుకొచ్చాయి. పలాస నుంచి జీడిపప్పు తెప్పించాను. ఫోన్‌లో మూడు వారాలుగా ‘బిజీ అమ్మా’ అన్న మెసేజే తప్ప నీ గొంతు వినలేదు. అందుకే ఈ ఉత్తరం పార్సిల్‌లో పెడుతున్నాను.

పద్మ కొడుకు నిన్ను అక్కడ ఆసుపత్రి ఓపీలో చూశాడట. ఫైలు పట్టుకుని ఒక్కదానివే కూర్చున్నావట. అది చేసే పనే ఆసుపత్రుల చుట్టూ కదా, పని మీదే వెళ్ళుంటుందిలే అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున ఏం తింటున్నావు? టీ, బిస్కెట్లతో సరిపెట్టకు. చోడిపిండి కూడా పెట్టాను, అంబలి కాచుకో. పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా పోయారు అని అడిగి రాసుకునే పని నీది. అవన్నీ విని వచ్చి ఖాళీ గదిలో పడుకుంటే మనిషి ఏమవుతుంది? ఆ గీతను నీతో ఉండమను, అద్దె కూడా కలిసొస్తుంది.

మొన్న సంక్రాంతికి లాప్‌టాప్‌లో 1971లో అచ్చయిన వ్యాసం చూపించావు. మన శ్రీకాకుళం పల్లెల్లో డాక్టర్లు 10,169 మంది నోళ్ళు చూసి, అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో ఏమేం మచ్చలున్నాయో రాశారని చెప్పావు. అప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎందుకో నీకు చెప్పలేదు.

మా అమ్మమ్మదీ అడ్డపొగే. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే అంట్లు తోమేది, నాట్లకు వెళ్ళేది. గాలికి ఆరదు, నుసి రాలదు అనేది. నాకు ఏడేళ్ళప్పుడు ఊళ్ళోకి జీపు వచ్చింది. టార్చిలైటుతో నోళ్ళు చూస్తున్నారని తెలిసి ఆడవాళ్ళంతా రచ్చబండ దగ్గర చేరారు. అమ్మమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని పెరటి దారిన జీడితోటలోకి నడిచింది. ‘పరాయి మగోళ్ళ ముందు నోరు తెరుస్తానా’ అంది. చెట్టు కింద కూర్చున్నాక తనే నోరు తెరిచి, ‘లోపల ఏమైనా ఉందేమో చూడవే’ అని నన్నడిగింది. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఎవరికీ చెప్పకు అని బెల్లం ముక్క ఇచ్చింది. తిన్నాను. చెప్పలేదు. జీపు సాయంత్రానికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకు కూరలో కారం తగ్గించమంది, తర్వాత గంజి తప్ప ఏదీ మింగలేకపోయింది. అందరూ పెద్దతనం అనుకున్నారు. విశాఖ తీసుకెళ్ళేసరికి అంగిటికి చిల్లు పడింది. ఆ 10,169లో మా అమ్మమ్మ లేదు భవానీ. లేకపోవడానికి కారణం నాకు తెలుసు. ఈ మాట మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ముంబై బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో జరిగిన పరిశోధన సంగతి కూడా నువ్వే చెప్పావు. పదో తరగతి చదివిన అమ్మాయిలకు నేర్పించి, గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ రాసి చూసే పరీక్ష చేయిస్తే ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయన్నావు. ముప్పై దాటిన ఆడది ఎవరైనా చేయించుకోవాల్సిందే అని నన్ను లాక్కెళ్ళి చేయించావు. మరి నీకు ముప్పై ఆరు. చేయించుకున్నావా? చేయించుకుంటే ఏమన్నారు? ఊరందరికీ చెప్పేదానివి, నీ ఒంటి సంగతి దాచుకోవడం ఏం పద్ధతి? కోప్పడకూడదనే కూర్చున్నాను, రాస్తుంటే కోపం వచ్చేస్తోంది.

ఏమున్నా సరే నేను బయలుదేరి వస్తాను. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు ఎప్పుడు దొరుకుతాయో బుజ్జిని అడిగి ఉంచాను.

మెంతికాయ సీసా మూత గట్టిగా బిగించాను. తడి చెంచా పెట్టకు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఫైలు మీద ఎవరి పేరు ఉందో చెప్పు.

మీ అమ్మ