తమ్ముడికి ఉత్తరం: పాపను బయోకెమిస్ట్రీ చదవనీ

బోస్టన్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు గట్టిగా మాట్లాడుతుంటే ఊరుకున్నాను. పక్కనే అమ్మ, మరదలు వింటున్నారని తెలుసు. పాప ఎంబీబీఎస్ తర్వాత తనంతట తాను, ఒంట్లో జరిగే రసాయన మార్పుల గురించి చదివే బయోకెమిస్ట్రీలో పీజీ కావాలంటోంది. నువ్వేమో ఇంకో ఏడాది కోచింగులో కూర్చోబెట్టి జనరల్ మెడిసిన్ తెప్పిస్తానంటున్నావు. "నాడి పట్టని డాక్టరుకు కర్నూల్లో ఎవరు విలువిస్తారక్కా?" అన్నావు. నేనూ నాడి పట్టని డాక్టర్నే కదరా, అందుకే ఆ మాట నాకు తగిలింది.

అమ్మ మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఉంటుంది. అది వాడేవాళ్లకు నోట్లో పుండ్లు పడకుండా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా ఉంటుంది. రెండూ చిన్న పసుపు మాత్రలే. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్పు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టు.

ఆ రెండు మాత్రల వెనకా ఉన్నది మన తెలుగాయనే, యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో ఈ బోస్టన్‌కే వచ్చి, ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసి పొట్టపోసుకుంటూ పరిశోధన చేశారు. హార్వర్డులో ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. కర్నూలు మెడికల్ కాలేజీ ల్యాబులో నేను నేర్చుకున్నది అదే. సీరంలోంచి, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే నీటిలోంచి, ప్రోటీను తీసేసి, వడకట్టిన నీళ్లలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఇంకో రసాయనం చుక్కలు వేస్తే, రంగులేని ద్రవం మెల్లగా నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. ఆ టెస్ట్‌ట్యూబును కిటికీ వెలుతురులో పట్టుకుని చూసిన రోజే ఈ దారి నాకు నచ్చింది. పాపను అడుగు, తనకూ అలాంటిదేదో జరిగే ఉంటుంది.

అంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. తమ్ముళ్లను, అన్నలను తీసుకుపోయే ఆ స్ప్రూకు అదే మందయింది. ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని కాస్త మారిస్తే క్యాన్సరు కణాలు పెరగకుండా అడ్డుపడే మందులు వచ్చాయి, అమ్మ వేసుకునే మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటే. 1947-48లో ఇక్కడి పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ ఫార్బర్ వాటిలో మరొకటి వాడితే, బ్లడ్ క్యాన్సరు పిల్లలు కొందరు కొన్నాళ్లైనా కోలుకున్నారు. అంతకుముందు ఆ జబ్బు పిల్లలను అలా కోలుకునేలా చేసిన మందు దాదాపు లేదు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ లెడర్లీ ల్యాబుదే. సుబ్బారావు గారు 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

నేను ఈ దారి పట్టడానికి ఇంకో కారణం మన పెద్దాసుపత్రి. హౌస్‌సర్జన్సీలో ఉన్నప్పుడు ఆదోని, కోసిగి వైపు నుంచి, అటు గద్వాల, రాయచూరు నుంచి గర్భిణులు వచ్చేవాళ్లు. కొందరు గుంటూరు మిరప కోతలకు వలసపోయి, నెలలు నిండాక తిరిగొచ్చినవాళ్లు. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉండేది. రక్తం ఎక్కించి పంపితే మళ్లీ అలాగే వచ్చేవాళ్లు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా కొందరికి రక్తం ఎందుకు పట్టదు అన్న ప్రశ్న నన్ను వార్డు నుంచి ల్యాబుకు తెచ్చింది. ఇప్పటికీ నా పని దాని మీదే.

కష్టాలు దాచను. పొద్దున మొదటి ఏడాది పిల్లలకు క్లాసు, తర్వాత ల్యాబు. నెలల తరబడి చేసిన ప్రయోగం చివర్లో చెడితే నా విద్యార్థులు ఏడుస్తూ వస్తారు, వాళ్లతో కూర్చుని మళ్లీ మొదటినుంచి చూస్తాం. గ్రాంటు, అంటే పరిశోధనకిచ్చే డబ్బు, కోసం ప్రభుత్వానికి రాసే దరఖాస్తుల్లో ఎక్కువభాగం తిరిగొస్తాయి, ఎవరివైనా అంతే. గ్రాంటు రాకపోతే ల్యాబులోవాళ్ల జీతాలకే టెన్షన్. సొంత ప్రాక్టీసు పెట్టినవాళ్ల డబ్బు ఇందులో రాదు. ఇవన్నీ పాపకు ముందే తెలియాలి.

అయితే ఉద్యోగం ఉండదని మాత్రం అనకు. ప్రతి మెడికల్ కాలేజీకీ బయోకెమిస్ట్రీ విభాగం ఉండి తీరాలి. పెద్దాసుపత్రిలో రోజూ వచ్చే షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ రిపోర్టులు తప్పుపోకుండా చూసేది వాళ్లే. ఆ కాగితం చూడకుండా నువ్వు చెప్పే జనరల్ మెడిసిన్ డాక్టరు మందు రాయడు. ఇష్టంగా అడిగిన చదువును కాదని ఇంకో ఏడాది గదిలో కూర్చోబెడితే ఆ పిల్ల మనసు విరుగుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు చూసి మురిసిపోవద్దు. హాస్పిటల్ ల్యాబుకు రోజూ ఎన్ని శాంపిళ్లు వస్తాయో, అక్కడి ప్రొఫెసరు పిల్లలతో పరిశోధన చేయిస్తారో లేదో సీనియర్లను అడగమను. కర్నూల్లోనే సీటొస్తే అమ్మకు తోడుగా ఉంటుంది, నాకూ ధీమాగా ఉంటుంది. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేముందు పాపను నాకు ఫోన్ చెయ్యమను. ఆదివారం మీకు రాత్రైతే నాకు పొద్దున, తీరిగ్గా మాట్లాడతాను. నువ్వూ పక్కన కూర్చో.

మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు. అమ్మ కొత్త రక్తపరీక్షల రిపోర్టు ఫోటో తీసి పంపు.

మీ అక్క