హాస్టల్ దరఖాస్తులో ఈ ప్రశ్నలు కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంజనీరింగ్ అడ్మిషన్లు దగ్గర పడ్డాయి, పేపర్ తీస్తే చాలు కాలేజీల ప్రకటనలే. ఏసీ గదులు, వైఫై, జిమ్, రోజుకో రకం టిఫిను అని పెద్ద పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. అంతమంది పిల్లలు తినగా మిగిలిన అన్నం ఎక్కడ పారబోస్తారో, వాళ్ల స్నానాల నీళ్లు పోయి ఏ కాలువలో కలుస్తాయో మాత్రం ఒక్కరూ రాయరు. నేను రాజోలు దగ్గర ఒక శివారు ఊళ్లో ఉంటాను, హైస్కూల్లో టీచర్ని. కాలువలో పైనుంచి ఏది వదిలినా చివరికి మా ఊరికే వస్తుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు అమెరికాలో, కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఎంఎస్ చదువుతోంది. మొదటి సెలవుల్లో ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, రూమ్ మారుతున్నాను, ఒక ఇంట్లో చేరడానికి దరఖాస్తు పెట్టాను" అంది. ఇంట్లో చేరడానికి దరఖాస్తు ఏంటే, అడ్వాన్స్ కడితే అయిపోతుంది కదా అన్నాను. అది అలాంటి ఇల్లు కాదట. పద్నాలుగు మంది విద్యార్థులు కలిసి నడుపుకునే ఇల్లు. సరుకులు టోకున తెచ్చుకుంటారు, వంట వంతుల వారీగా చేసుకుంటారు, పెరట్లో కూరగాయలు పండిస్తారు, వంటింటి చెత్తని ఎరువు చేస్తారు, కరెంటు, నీళ్లు ఎంత వాడారో నెల నెలా గోడ మీద రాసుకుంటారు. వారానికోసారి అందరూ కూర్చుని ఏది ఎలా చేయాలో మాట్లాడుకుంటారు. పనిమనిషి ఉండదు, వంటమనిషి ఉండదు, వార్డెన్ అసలే ఉండడు.

మా అత్తగారు పక్కనే ఉండి అంతా విన్నారు. "అంట్లు తోమడానికా దాన్ని అంత అప్పు చేసి పంపింది?" అని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. నిజం చెప్పాలంటే నాకూ మనసులో అదే ఉంది.

తర్వాత అమ్మాయి ఆ దరఖాస్తులో ఏం అడిగారో చదివి వినిపించింది. ఈ ఇంట్లోనే ఎందుకు ఉండాలనుకుంటున్నావు? పద్నాలుగు మందికి ఏం వండగలవు? నీకు రాని పని ఏది నేర్చుకోవాలని ఉంది? నీతో ఉన్నవాళ్లు వాళ్ల వంతు పని చేయకుండా వదిలేస్తే ఏం చేస్తావు? మార్కులు అడగలేదు, నాన్న ఏం చేస్తారని అడగలేదు. దరఖాస్తు చూసిన తర్వాత రెండుసార్లు భోజనానికి పిలిచి, కలిసి వండించి, కలిసి తిని, అప్పుడు అందరూ సరే అంటేనే సీటు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోవద్దు. అదే కాలిఫోర్నియాలోని బర్కిలీలో విద్యార్థులు అద్దెలు కట్టుకోలేక 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో మొదలుపెట్టిన సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది, అందులో వెయ్యి మందికి పైగా ఉన్నారు, ఒక్కొక్కరు వారానికి ఐదు గంటలు ఇంటి పని చేయాలి. డేవిస్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే 1972లో కట్టిన 14 తెల్లని గుమ్మటాల్లాంటి ఇళ్లు ఉన్నాయి, పాతిక మందికి పైగా విద్యార్థులు తోటలు వేసుకుని, కోళ్లు పెంచుకుని ఉంటారు. 2011లో అవి పాతబడ్డాయని విశ్వవిద్యాలయం మూసేస్తే పిల్లలు, పాత విద్యార్థులు పట్టుబట్టి, దగ్గరుండి బాగుచేసి, కొన్ని నెలల్లోనే మళ్లీ తెరిపించారు. మన దగ్గర ఏ హాస్టల్ మూసేస్తామన్నా పిల్లలు అంత పట్టుబడతారా? తమది అనుకుంటే కదా.

మా అమ్మాయి మన డెల్టాలోనే ఒక కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు ఉంది, పేరు రాయను. ప్రతి రాత్రీ మిగిలిన అన్నం, సాంబారు డ్రమ్ముల్లో పట్టుకెళ్లి కాలువ గట్టు మీద పోసేవాళ్లు, దాంతోపాటే ప్లాస్టిక్ కవర్లు, పేపర్ ప్లేట్లు. వాళ్ల మురుగు నీళ్లు కూడా అందులోకే. ఆ కాలువే లాకులు దాటి, ఊళ్లు దాటి మా ఊరి మంచినీళ్ల చెరువుకి వస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేసేలోపు ఆ చెరువు నింపుకుంటేనే మాకు గొంతు తడిచేది, ఎందుకంటే సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడుతున్నాయి. అంటే నా కూతురి హాస్టల్ ఫీజు నేనే కట్టి, ఆ హాస్టల్ కడుగునీళ్లు నేనే తాగానన్నమాట. "ఈ ఇంట్లోనే ఎందుకు?" అన్న ప్రశ్నకి మా అమ్మాయి ఇదే రాసిందట. నాలుగేళ్లు చూస్తూ ఊరుకున్నాను, ఇంకెక్కడా అలా ఊరుకోవాలని లేదు అని. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఏం పనులు వచ్చో రాయమన్నచోట వాళ్ల నాయనమ్మ గురించి రాసింది. మా అత్తగారి వంటింట్లో వృథా అన్న మాటే ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూర తొక్కులు పశువుల కుడితి గోలెంలోకి, గిన్నెలు తోమిన నీళ్లు అరటి పాదుకి, కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి, కమ్మలు దడికి, ఈనెలు చీపురుకి, పొయ్యిలో బూడిద మళ్లీ అంట్లు తోమడానికి. కోనసీమలో యాభై ఏళ్లు దాటిన ఏ ఇల్లాలిని అడిగినా ఇదే చెబుతుంది. ఇదంతా చదివి ఆ ఇంటి పిల్లలు ఆశ్చర్యపోయారట. అంట్లు తోమడానికా అని కోప్పడిన మా అత్తగారికి ఈ సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడకుండా, "గోలెం సంగతి సరిగ్గా రాసిందా?" అని అడిగారు.

ఇప్పుడు నేను అడిగేది చిన్న విషయం. నన్నయ విశ్వవిద్యాలయంలో గానీ, కాకినాడ జేఎన్‌టీయూలో గానీ, ముందుకొచ్చే ఏ ప్రైవేటు కాలేజీలో గానీ ఒక్క బ్లాకు, పోనీ ఒక్క అంతస్తు ఇలా నడిపి చూడండి. ఇష్టపడి దరఖాస్తు పెట్టిన పిల్లలకే అందులో చోటు ఇవ్వండి. మిగిలిన అన్నానికి గోబర్ గ్యాస్ లాంటి ప్లాంటు పెట్టుకోవచ్చు, లేదా దగ్గర్లో గేదెలున్న రైతుకి రోజూ పంపొచ్చు. నీళ్ల లెక్క నేనే వేసి చూశాను. మన వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. 600 గజాల డాబా ఉంటే ఏడాదిలో దాని మీద సుమారు 5 లక్షల లీటర్లు పడినట్టు. తొలి వానలు వదిలేసి, ఐదో వంతు పోయిందనుకున్నా 4 లక్షలు. వంద మంది పిల్లలకి తాగడానికి, వంటకి మనిషికి రోజుకి ఐదు లీటర్ల చొప్పున, కాలువలు కట్టేసిన 45 రోజులకి కావలసింది 22,500 లీటర్లే. పాతిక వేల లీటర్ల సంపు ఒకటి కట్టుకుని, నీళ్లు వడకట్టి, మూత పెట్టి కాపాడుకుంటే ఆ నెలన్నర టిన్నులు కొనక్కర్లేదు.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. హాస్టల్ పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించారని వార్త వస్తే మనమంతా కోప్పడతాం, టీచర్‌గా నేనూ కోప్పడతాను. చిన్న పిల్లల్ని, అందులోనూ పేద పిల్లల్ని బెదిరించి చాకిరీ చేయించడం తప్పే. నేను చెప్పేది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల గురించి, వాళ్లంతట వాళ్లు కోరి వచ్చినవాళ్ల గురించి. పైగా వంతు అందరికీ ఉండాలి, డబ్బున్నవాడికీ, ఏ కులం వాడికైనా. మన ఊళ్లలో దొడ్డి కడిగే చేయి ఎప్పుడూ ఒకరిదే అవుతోంది, ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం, నలుగురు పిల్లలు వంతులేసుకుని కడుక్కునే ఒక్క హాస్టల్ అయినా మన జిల్లాలో చూడాలని ఉంది. పనులు పిల్లలే చేసుకోవడం వల్ల మిగిలిన డబ్బు కాలేజీ జేబులోకి పోకుండా ఆ పిల్లల ఫీజులోనే తగ్గించాలి, లేదంటే ఇది కూడా చాకిరీయే అవుతుంది. ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్లని తీసేయకుండా వేరే పని చూపించాలి.

మా తాతగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకో ఇంట్లో భోజనం, బదులుగా ఆ ఇంటి పిల్లలకి పాఠం చెప్పడమో, బజారు పని చేసి పెట్టడమో. అందులో అవమానాలు కూడా పడ్డానని చెప్పేవారు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనడం లేదు. కానీ ఎవరింట్లో తింటున్నానో, ఆ బియ్యం ఎక్కడివో ఆయనకి తెలుసు. ఈ రోజు మెస్‌లో ప్లేటు పట్టుకున్న పిల్లాడికి ఆ సంగతి తెలియదు, తెలుసుకోమని ఎవరూ అడగడం లేదు కూడా.

రాజోలు, అమలాపురం, పాలకొల్లు వైపు తల్లిదండ్రులకి ఒక్క మాట. ఈసారి కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు గదులు చూశాక వంటశాల వెనక్కి కూడా వెళ్లి చూడండి. డ్రమ్ములు ఎక్కడికి వెళ్తున్నాయో, పైపు ఎక్కడ తేలుతోందో అడగండి. జవాబు చెప్పకపోతే ఆ సంగతి నాలాగే మీ పేపర్‌కి రాయండి. మా చిన్నవాడికి వచ్చే ఏడాది ఇంజనీరింగ్, నేను ఆ పనే చేస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, హైస్కూల్ టీచర్,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా